అమ్మకు నోరు నేనే

మా వైపు మూలికలు కోసే ఆడవాళ్ళకు ఒక నియమం ఉండేది. మొక్క తెగిన క్షణం నుంచి రోగి ఇంటి గడప దాటేదాకా పెదవి విప్పకూడదు. విప్పితే మందులో బలం మాటతోపాటే గాలికి పోతుందని మా అమ్మమ్మ చెప్పేది. ఆవిడకు వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. కానీ దారిలో మనుషులుంటారు కదా, పలకరిస్తారు. పలక్కపోతే పొగరంటారు. అందుకని మూలిక పట్టుకున్న మనిషికి ముందు ఒక ఆడపిల్ల నడిచేది. ఎవరేం అడిగినా ఆ పిల్లే జవాబు చెప్పాలి. ఆ పిల్లను 'నోరు' అనేవారు. ఏడో ఏటి నుంచి మా అమ్మ వాల్‌బుర్గాకు నోరు నేనే.

ఆ ఉద్యోగం నాకు దక్కడంలో వింతేం లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఎరిగినదే. "మా ఓట్టిల్ ముందు నడుస్తుంటే వెనకాల చర్చి గంట కొట్టినా వినపడదు" అని మా నాన్న వెండెల్ నవ్వేవాడు. పొద్దున్నే మంచు తడిలో నేను వాగుకుంటూ ముందు నడిచేదాన్ని. వెనక అమ్మ చెక్క చెప్పుల చప్పుడు, టక్ టక్‌మని. తిరిగి చూడనక్కర్లేదు. చప్పుడుంది, అమ్మ ఉంది.

ఇప్పుడు నాకు డెబ్బయ్యో ఏడు. స్వీడన్ సిపాయిలు వచ్చి మా నది ఒడ్డంతా తగలబెట్టిపోవడం చూశాను, ప్లేగు చూశాను, ఇద్దరు మొగుళ్ళను మట్టి చేశాను. అయినా వేసవి అనగానే నాకు గుర్తొచ్చేది అవేవీ కావు, సిపాయిలు రావడానికి ఐదేళ్ళ ముందు వచ్చిన వేసవి.

ఆ ఏడు మే నెలాఖరున మంచు పడింది. అప్పుడప్పుడే ద్రాక్ష తీగలు పూతకొచ్చాయి. ఒక్క రాత్రికి కొండ వాలంతా ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వాలిపోయింది. నాన్న పొద్దున్నే పైకి వెళ్ళి, తీగ మొదట్లో చతికిలబడి, చేతిలో కత్తెర అలాగే పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కోయడానికేమీ లేదు. ఊళ్ళో మగవాళ్ళందరిదీ అదే పరిస్థితి. పనిలేని మనుషులకు మాటలు ఎక్కువ.

ఊరి రొట్టెల పొయ్యి దగ్గర మొదట విన్నాను. రొట్టెలు కాలేదాకా ఆడవాళ్ళం వరసగా కూర్చునేవాళ్ళం. పీపాలు చేసే ఆయన భార్య కునిగుండ్, నిండు నెలల కడుపు మీద పిండి తొట్టి ఆనించుకుని నిలబడింది. అమ్మకు ప్రాణ స్నేహితురాలు. నాకు పిన్ని వరస.

"మంచు దానంతటదే పడుతుందా ఎక్కడైనా? ఎవరో పిలిస్తేనే వస్తుంది" అంది మిల్లు వాళ్ళ ముసలమ్మ.

అమ్మ రొట్టె తిప్పుతూ అంది, "పిలిస్తే వచ్చేదైతే ఆగస్టులో పిలుచుకునేదాన్ని కదత్తా, నా వెన్న కాస్త గట్టిపడేది."

అందరూ నవ్వారు. మిల్లు ముసలమ్మ కూడా నవ్వింది. కునిగుండ్ పిన్ని మరీ నవ్వి, "చాల్లే అక్కా, ఇక్కడే కనేసేలా ఉన్నాను" అని కడుపు పట్టుకుంది. ఆ మాట ఎంత దూరం పోతుందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ వసంతంలోనే మా చర్చికి కొత్త ఫాదరుగారు వచ్చారు. పట్నంలో బాగా చదువుకున్నాయన. సన్నగా, నీటుగా ఉండేవాడు. చెడ్డవాడు కాడు, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆయన మాకు కొత్త పలకరింపు నేర్పారు. ఎదురుపడిన వాళ్ళు "యేసు క్రీస్తుకు స్తోత్రం" అనాలి. అవతలి వాళ్ళు "ఎల్లకాలమూ, ఆమెన్" అనాలి. ఆ జవాబు సైతాను నోటికి రాదని ఆయన పీఠం మీద నుంచి మూడు ఆదివారాలు చెప్పారు. నాకు ఆ పలకరింపు భలే నచ్చింది. దారిన పోయే ప్రతి మనిషికీ, ఒకసారి మిల్లు వాళ్ళ గాడిదక్కూడా, ఆమెన్ చెప్పాను.

జూన్‌లో కునిగుండ్ పిన్నికి కానుపైంది. కూతురు. ఐదో రోజుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నీళ్ళు కూడా లోపలికి పోవడంలేదు. అమ్మ చూసొచ్చి, "రేపే యోహానుగారి పండగ. ఆ పొద్దు మంచులో కోసిన యోహాను పువ్వు పడితే దక్కుతుంది. లేకపోతే లేదు" అంది. పసుపుపచ్చని చిన్న పువ్వు అది. నలిపితే వేళ్ళకు నెత్తురులా ఎర్రటి రసం అంటుతుంది.

"తెల్లారకముందే మెట్ట కింద బాట దగ్గరకు రావాలి. ఆలస్యం చెయ్యకు" అంది నాతో.

"ఎప్పుడైనా చేశానా?" అన్నాను నేను.

పండగ పొద్దున ఆడపిల్లలందరం మెట్ట మీద చేరాం. రాత్రి వేసిన పండగ మంటలు ఆరి బూడిద మీద ఇంకా సెగ ఉంది. అక్కడొక బేరి చెట్టు. తలలో పెట్టుకున్న పూలదండ తీసి, చెట్టుకు వీపు తిప్పి, వెనక్కి విసరాలి. ఎన్నోసారికి కొమ్మ మీద నిలిస్తే అన్నేళ్ళకు పెళ్ళి. నా జతగత్తె ఆఫ్రాది రెండోసారికే నిలిచింది. అది మిడిసిపడుతూ, "నువ్వు ముసలిదానివయ్యేదాకా విసురుతూనే ఉంటావే" అంది. నాకప్పుడు పదమూడేళ్ళు. ఒళ్ళు మండింది.

ఒకటి, రెండు, మూడు. పడిపోతూనే ఉంది. తూర్పున తెలుపు వచ్చేసింది. నాలుగు, ఐదు. కింద బాట మీద అమ్మ కనిపించింది. తెల్లని తలగుడ్డ, గుండెకు ఆనించి పట్టుకున్న కుడి పిడికిలి. ఆ పిడికిలిలో ఏముందో నాకు తెలుసు. ఆమె ఒక్కతే నడుస్తోంది. ఒకసారి ఆగి మెట్ట వైపు చూసింది. నేను చెట్టు చాటుకు జరిగాను.

అవును, జరిగాను. ఇంకొక్కసారి విసిరి పరిగెత్తిపోదామనుకున్నాను. వంతెన దాటేలోగా అందుకోగలననుకున్నాను. ఆరు. ఏడు.

వంతెన మీద నల్లటి అంగీ కనిపించింది. ఫాదరుగారు. పక్కన పట్నం నుంచి వచ్చిన గుమాస్తా ఎవరో. అంత దూరానికి మాటలు వినపడవు. అమ్మ ఆగడం చూశాను. ఫాదరుగారు ఏదో అనడం, అమ్మ తల వంచి నమస్కరించడం చూశాను. ఆయన మళ్ళీ ఏదో అన్నారు. అమ్మ పిడికిలి ముందుకు చాచి, విప్పి, చేతిలోది చూపించింది. 'ఇదుగో మందుంది, అందుకే మాట్లాడ్డంలేదు' అన్నట్టు. మా ఊళ్ళో చిన్నపిల్లకైనా ఆ సైగ అర్థమవుతుంది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి శిలువ గుర్తు వేసుకున్నారు.

అమ్మ ఆయన పక్కనుంచి వెళ్ళిపోయింది. వంతెన అవతల మూడో ఇల్లే కునిగుండ్ పిన్ని వాళ్ళది.

తొమ్మిదోసారికి నా దండ నిలిచింది.

పిన్ని మూడో రోజుకి లేచి కూర్చుంది. ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. వంతెన గురించే మాట్లాడారు.

నాన్న ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. "ఆమెన్! ఒక్క మాట! నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. అనేస్తే నీ సొమ్మేం పోయేదే?"

"పాతికడుగులే మిగిలాయి గడపకి. అంటే కునిగుండ్ పోయేది" అంది అమ్మ, ఉల్లిపాయలు ఒలుస్తూ.

"మరి ఇదెక్కడికి పోయింది?" అని నా వైపు తిరిగాడు.

అమ్మ తల ఎత్తకుండానే, "నేనే రావద్దన్నాను. పండగ కదా" అంది. నాన్న విసురుగా బయటకు వెళ్ళిపోయాక ఉల్లిపాయ పక్కన పెట్టి నన్ను చూసింది.

"దండ నిలిచిందా?"

"తొమ్మిదోసారికి."

"తొమ్మిదేళ్ళా! పోన్లే, అప్పటికైనా నీకు వంట వస్తుందేమో" అని నవ్వింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళుగా ఆ తిట్టు కోసం ఎదురు చూస్తున్నాను.

రెండు వారాలకు కబురు వచ్చింది. పట్నం నుంచి మంత్రగత్తెలను విచారించే అధికారి వచ్చాడని, రేపు ఫాదరుగారి ఇంటికి అందరూ రావాలని. ఆ సాయంత్రం అమ్మ దూలానికి కట్టిన ఎండు మూలికల కట్టలన్నీ దించింది. నన్ను కూర్చోబెట్టి, నా గోళ్ళ సందున ఉన్న ఆకు మరకలను ఇసుకతో రుద్ది రుద్ది కడిగింది.

"నువ్వు నాతో ఎప్పుడూ రాలేదు. నీకు మొక్కలు తెలియవు" అంది.

"అదేంటమ్మా? ఊరంతా ఎరుగును."

"ఊరి సంగతి ఊరు చూసుకుంటుంది. నువ్వు చెప్పకు."

"నేను చెబితేనే కదా నిన్ను వదిలేస్తారు! నీకు నోరు నేను, ఆ రోజు రాలేదు, అందుకే నువ్వు పలకలేదు అని చెబుతాను. తప్పు నాది. నన్ను కొట్టమను."

అమ్మ రుద్దడం ఆపింది. "నియమం ఉందని చెబుతావు. ఆ నియమం ఎవరు పెట్టారంటారు? అప్పుడేం చెబుతావే పిచ్చిమొహమా?"

"అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ."

"ఆవిడకెవరు పెట్టారంటారు." నా చేతులు తన ఒళ్ళో తుడిచింది. "కొడతారనుకుంటున్నావా? కొట్టడం కాదే తల్లీ."

నాకు అర్థం కాలేదు. మర్నాడు అర్థమైంది.

ఫాదరుగారి ఇంటి ముందుగదిలో బల్ల వేశారు. అధికారి, రాసుకునే గుమాస్తా, ఫాదరుగారు కూర్చున్నారు. అమ్మ గోడ దగ్గర నిలబడింది. మిల్లు ముసలమ్మ వచ్చి వెన్న మాట చెప్పింది. "నవ్వులాటకే అందండీ, మేమూ నవ్వాం" అని కూడా చెప్పింది పాపం. గుమాస్తా వెన్న వరకే రాసుకున్నాడు.

తరువాత కునిగుండ్ పిన్ని వచ్చింది. ఎవరూ పిలవలేదు, తనంతట తానే వచ్చింది, బాలింతరాలు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యా, ఆమె పొగరుతో పలకలేదనుకున్నారు. కాదండీ. మందు చేతిలో ఉంటే మాట్లాడకూడదు. మాట్లాడితే పనిచెయ్యదు. మా గడప దాటగానే చక్కగా ఆమెన్ అంది, నా చెవులతో విన్నాను. నేను బతికి ఉన్నదే దానికి సాక్ష్యం" అని గబగబా చెప్పేసింది. ఇక అంతా తేలిపోయినట్టు అమ్మను చూసి తల ఊపింది.

ఫాదరుగారు మెల్లగా అడిగారు. "అంటే, ప్రభువు పేరు పలికితే పోయే బలం ఆ మందులో ఉందన్నమాట."

"పేరని కాదండీ, ఏ మాటైనా..."

"ప్రభువు పేరు కూడా మాటే కదమ్మా. మౌనంగా ఉండమని ఆమెతో ఒప్పందం చేసుకున్నదెవరు?"

మా ఊళ్ళో ఎవ్వరూ ఏనాడూ అడగని ప్రశ్న అది. వాన కింద నుంచి పైకి ఎందుకు పడదని అడిగినట్టుంది పిన్నికి.

"ఎప్పుడూ ఒంటరిగానే వెళుతుందా? ఎవరూ తోడుండరా?" అన్నాడు అధికారి.

పిన్ని కళ్ళు నా మీదికి వచ్చాయి. వెంటనే నేలకు దించేసుకుంది. కానీ అధికారి చూశాడు.

"నువ్వు ఆమె కూతురివా? ఇలా రా."

వెళ్ళాను. బల్ల అంచు నా ఛాతీ దాకా వచ్చింది.

"మీ అమ్మతో మూలికలకు వెళ్ళేదానివా?"

అమ్మ వైపు చూశాను. ఆమె కుడి చెయ్యి గుండె మీద ఉంది, పిడికిలి బిగించి. పెదవులు గట్టిగా మూసుకుంది. ఆరేళ్ళుగా నాకు తెలిసిన నిలుచునే తీరు అది. కాకపోతే ఎప్పుడూ నేను ముందు నడిచేదాన్ని, ఎదురుగా నిలబడి చూసింది ఆ ఒక్కసారే.

"లేదండీ" అన్నాను.

"ఒక్కసారైనా?"

"లేదండీ. నాకు మొక్కలు తెలియవు."

గుమాస్తా రాసుకున్నాడు. అమ్మ పిడికిలి వదులైంది. అందులో ఏమీ లేదు.

అమ్మను పట్నం తీసుకెళ్ళే బండి మధ్యాహ్నమే బయలుదేరింది. ఎక్కేముందు అమ్మ నా తలగుడ్డ ముడి సరిచేసి, "ఆవుకి పొదుగు కుడివైపు నొప్పిగా ఉంది, మెల్లగా పితుకు" అంది. జీవితంలో మొదటిసారి నాకు మాట రాలేదు.

నాన్న ప్రతి శనివారం రొట్టె మూట కట్టుకుని పట్నం నడిచి వెళ్ళేవాడు. అమ్మను పెట్టిన బురుజు కాపలావాళ్ళు రొట్టె తీసుకుని తలుపు వేసేసేవాళ్ళు. "చూశావా?" అని అడిగేదాన్ని. "రొట్టె తీసుకున్నారు" అనేవాడు. దాని అర్థం అమ్మ బతికే ఉందని. ఆ మాట మీద మళ్ళీ శనివారం దాకా బతికేవాళ్ళం. నాన్న తిండి మానేశాడు, ఎముకలు తేలాయి. ఆవును నేనే పితికాను, మెల్లగా.

ఆగస్టులో మరియమ్మ తల్లి పండగ వచ్చింది. మా ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆ రోజు మూలికల కట్టలు తెచ్చి చర్చిలో దీవింపజేసుకుంటారు. చర్చి అంతా ఘాటైన ఆకు వాసనతో తుమ్ములొచ్చేవి. ఆ ఏడు ఒక్క కట్ట లేదు. అందరూ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఫాదరుగారు బల్ల వైపు చూసి, కట్టల దీవెన ఉన్న పేజీ తిప్పేసి ముందుకు వెళ్ళారు. ఆయన గొంతు కాస్త తడబడింది.

మేం ఇంటికి వచ్చిన కాసేపటికి తలుపు తోసుకుని కునిగుండ్ పిన్ని వచ్చింది. వెనక ఆమె మొగుడు, చంకలో పసిపిల్ల. దారంతా పలకరించిన వాళ్ళకు ఆయనే ఆమెన్ చెబుతూ వచ్చాడట. పిన్ని గడప దాటింది. పిడికిలి విప్పి మా బల్ల మీద యోహాను పువ్వు ఒకటి పెట్టింది, వాడిపోయినది.

"వెండెల్ బావా, ఇది నీకే. మరగబెట్టుకుని తాగు, ఆకలి పుడుతుంది. చర్చిలో నా చేతిలోనే ఉంది. దీవెన తగిలే ఉంటుంది" అంది. తరువాత గోడకు తల ఆనించి బావురుమంది. "మంచి చెబుదామని వెళ్ళానే ఓట్టిల్. మంచే చెప్పానే."

"మంచే చెప్పావు పిన్నీ" అన్నాను. పసిదాన్ని ఎత్తుకున్నాను. పాల వాసన వేసింది.

ద్రాక్ష కోతల నెల వచ్చింది, కోతలు లేవు. బుట్టలు గోడలకే వేలాడుతున్నాయి. ఒక శనివారం నాన్న చీకటి పడకముందే తిరిగి వచ్చేశాడు. మూట విప్పకుండా బల్ల మీద పెట్టాడు. నేను చెయ్యి వేసి చూశాను. రొట్టె అలాగే ఉంది, అంచు కూడా విరగలేదు.

"ఇక అక్కర్లేదన్నారు" అన్నాడు.

ఆ రొట్టెను మేం తినలేదు, పారెయ్యలేదు. అది రాయిలా ఎండేదాకా బల్ల మీదే ఉంది.

నువ్వు చెప్పినా ఆగేది కాదు, నిన్నూ తీసుకుపోయేవాళ్ళు అని తరువాత అందరూ అన్నారు. నిజమే కావచ్చు. నా తప్పు ఆ గదిలో జరగలేదని నాకు తెలుసు. అది బేరి చెట్టు చాటున జరిగింది. నాకు పెళ్ళి తొమ్మిదేళ్ళకు కాలేదు, ఆరేళ్ళకే అయింది. దండ కూడా అబద్ధమే చెప్పింది. ఆఫ్రాకైతే అసలు కాలేదు.

నేను మళ్ళీ మొక్క ముట్టలేదు. అమ్మకు తెలిసినవన్నీ అమ్మతోనే పోయాయి. నాకు మిగిలింది దారి ఒక్కటే. అమ్మ గొంతు కూడా నాకు జ్ఞాపకం లేదు. ఎంత గింజుకున్నా రాదు. పొద్దు పొద్దున్నే నా వెనక ఆ చెక్క చెప్పుల చప్పుడు మాత్రం నిన్న విన్నట్టుంది.

అందుకే ఏటా యోహానుగారి పండగ నాడు తెల్లారకముందే లేచి వెళతాను. కర్ర ఊతంతో మెట్ట కింద బాట వెంట వంతెన దాకా నడుస్తాను. నది మీద పొగమంచు ఉంటుంది. పక్షులు అప్పుడే మొదలెడతాయి. ఈ ఏడూ వెళ్ళాను. వంతెన మీద మా కొత్త ఫాదరుగారు ఎదురయ్యారు. కుర్రాయన, మంచి మనిషి, ఆ రోజులకు ఇంకా పుట్టలేదు.

"యేసు క్రీస్తుకు స్తోత్రం, అవ్వా. ఇంత పొద్దున్నే ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్ని కాదు బాబూ. వెనక మా అమ్మ వస్తోంది."

ఆయన నా భుజం మీదుగా ఖాళీ బాట వైపు చూశాడు. ముసలిదాని మతి చలించిందనుకున్నాడేమో, జాలిగా నవ్వాడు.

"ఆవిడ చేతిలో మందుంది. పలకదు, ఏమనుకోకు" అన్నాను. "ఆవిడ బదులు నేను చెబుతున్నాను. ఎల్లకాలమూ, ఆమెన్."